కాలరులో కాలేజీ

"నాన్నా, కాలేజీ..." అంది కూతురు, కొట్టు గుమ్మంలో నిలబడి.

"కాలరా? ఏ చొక్కాదమ్మా?" అన్నాడు టైలరు, మిషను మీంచి తల ఎత్తకుండా.

"కాలరు కాదు నాన్నా. కాలేజీ."

"కాజాలా? అవి సాయంత్రానికి."

కూతురు లోపలికి వచ్చింది. బల్ల మీది చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, "ఇవాళ కాలేజీలు చూద్దామన్నారు. తొమ్మిదయింది" అని రాసి, బల్ల మూల నిటారుగా నిలబడి ఉండే ఇనుపచువ్వకి గుచ్చి వెళ్లిపోయింది. టైలరు అది చదివి, మోటారు ఆపి, "అదేదో నోటితో చెప్పొచ్చుగా తల్లీ" అన్నాడు, వీధి చివర సైకిలు మీద వెళ్తున్నవాడు కూడా వెనక్కి తిరిగి చూసేలా.

తప్పు ఆయన చెవులది కాదు, మిషనుది. దానికి మోటారు బిగించి పదకొండేళ్లయింది. ఆ మోతకి తట్టుకోవడానికి ఆయన గొంతు పెరిగింది. కూతురి గొంతు తగ్గింది. ఇంటికంతటికీ కలిపి ఒక తాను గొంతు ఇస్తే, తండ్రి తన కొలతకి మించి కత్తిరించుకుని, పిల్లకి జేబురుమాలంత ముక్క మిగిల్చినట్టయింది. కాబట్టి పిల్ల చీటీలు రాయడం నేర్చుకుంది. ఖాతాదార్ల చీటీలతో పాటు ఆ చీటీలూ అదే చువ్వకెక్కేవి, వరసలో వాటి వంతు వచ్చినప్పుడు పని జరిగేది. ఎనిమిదో ఏట, "బూట్లు. ఎడమది కరుస్తోంది." పదో ఏట, "భూతద్దం ఒకటి. చీమల కోసం." పోయిన వారం, "వరండాలో సీసా కదపొద్దు. అందులోవి ఇంకా పుట్టలేదు."

ఆ కొట్టుకి ఒక నియమం ఉంది. చీటీ మీద ఏది రాసి ఉంటే అది కుట్టాలి, ఎదురుప్రశ్న వేయకూడదు. ఎప్పుడో ఒక భారీకాయుడు "నడుము ముప్పై రెండు" అని రాసిస్తే, టైలరు అమాయకంగా "ఎవరికండీ?" అని అడిగాడు. ఆయనకేనట. ఆయన మళ్లీ రాలేదు, ఆయన వీధివాళ్లూ రాలేదు. ఆనాటి నుంచి ఆ చువ్వకి గుచ్చిన చీటీని ప్రశ్నించిన పాపాన పోలేదు టైలరు.

ఇక తల్లి. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. రోజుకి ముప్పై మందితో నోరు తెరిపిస్తుంది. కన్నకూతురి నోరు తెరిపించడం మాత్రం ఆవిడ తరం కాలేదు. "మా పిల్లకి జ్ఞానదంతం ముందొచ్చింది, నాలుక తర్వాతొచ్చింది" అని క్లినిక్కులో చెప్పుకునేది, కొంచెం దిగులుగా, ఎక్కువ గర్వంగా.

ఆ శనివారం పథకం చాలా చిన్నది. ఒక పూట కొట్టు మూసి, రెండు కాలేజీలు చూసి, ఒకటి ఎంచుకుని, భోజనాల వేళకి ఇల్లు చేరాలి.

మొదటి కాలేజీ ఎనిమిది అంతస్తులు. గదిలో ఉన్నది వీళ్లు ముగ్గురే అయినా, కోటు వేసుకున్న అక్కడి ప్రిన్సిపాల్ మైకులో మాట్లాడాడు.

"మీ అమ్మాయి ఏం మాట్లాడదేంటండీ?"

"మాట్లాడదండీ, ఆలోచిస్తుంది" అంది తల్లి.

"మా దగ్గర దానికి టైముండదు. పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఖాళీ ఇవ్వం" అన్నాడాయన, భరోసా ఇస్తున్నట్టుగా.

టైలరుకి ఆ కాలేజీ నచ్చింది. "లిఫ్టు కూడా ఉందే. పిల్ల జీవితానికి ఒక లిఫ్టంటూ ఉండాలి కదా" అన్నాడు. కూతురు మెట్ల మీంచి దిగి వచ్చింది.

రెండోది చిన్న క్యాథలిక్ కాలేజీ. సిటీ బస్సు ఆఖరి స్టాపుకి ఎదురుగా, గోడ వెనక ఒదిగి ఉంది. మొత్తం రెండు వందల మంది ఆడపిల్లలు, ఒక తోట, తోట పక్కన ఎత్తైన కప్పుతో ప్రార్థనాలయం. ప్రిన్సిపాల్ సిస్టరే అక్కడ ఫిజిక్స్ పాఠం చెబుతారు. పాదాల దాకా తెల్లటి గౌను, మెడ దగ్గర చిన్న కాలరు. ఆవిడ గొంతు ఎంత మెత్తన అంటే, ఆవిడ పక్కన కూతురు ఉపన్యాసకురాలిలా వినిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ ఏదో అడిగారు, పిల్ల ఏదో చెప్పింది, ఇద్దరూ లేచి ల్యాబు వైపు వెళ్లిపోయారు.

తల్లిదండ్రులు గోడ గడియారం కింద బెంచీ మీద అరగంట కూర్చున్నారు. ఈ కథలో వచ్చిన తిప్పలన్నిటికీ వాళ్లు చూడని ఆ అరగంటే మూలం.

తిరిగొచ్చాక సిస్టరు వీళ్లిద్దరికీ చాలాసేపు, చాలా మెల్లగా ఏదో వివరించారు. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా తలలూపారు. ఆవిడ దళసరి, పొడుగాటి అప్లికేషను కాగితం ఒకటి చేతిలో పెట్టారు. గేటు దాటాక టైలరు అడిగాడు.

"ఏం చెప్పారే ఆవిడ?"

"నాకేం తెలుసండీ? నేను ఆవిడ పళ్లు చూస్తున్నాను. ఈ వయసులో ఒక్క పిప్పి లేదు, తెలుసా. మీరు వినలేదా?"

"నేను కాజాలు చూస్తున్నా. అన్నీ చేత్తో వేసినవి. ఈ రోజుల్లో ఎవరు వేస్తారే అలాగ? శుక్రవారం నాలుగింటిలోపు తండ్రి సంతకంతో ఇవ్వాలని మాత్రం చెవిన పడింది."

సాయంత్రానికి చువ్వ మీద చీటీ కనిపించింది. "చిన్న కాలేజీ. ఫిజిక్స్." దాని కింద, ఇదివరకెన్నడూ ఏ చీటీ మీదా లేని ఒక మాట: "ప్లీజ్." టైలరు ఆ చీటీని రెండుసార్లు చదివి, లిఫ్టు మీద ఆశ అక్కడికక్కడే కత్తిరించేశాడు.

ఇక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ బుధవారం పొద్దున ఇంకో చీటీ వచ్చింది. "తెల్లది ఒకటి. పొడుగు చేతులు, కాలరు, ముందు బొత్తాలు. పొడవు మోకాళ్ల కిందికి. సిస్టరు వేసుకున్నదానిలాంటిదే. శుక్రవారానికి కావాలి."

టైలరు మెడలో టేపు జారి కింద పడింది. మోటారు దానంతటది తిరుగుతూనే ఉంది, సూది గుడ్డ లేకుండా ఉత్తినే పొడుస్తూనే ఉంది.

"ఏమే, ఇలా రా" అన్నాడు. ఆయన అంత చిన్నగా పిలవడం విని భార్య పరుగెత్తుకొచ్చింది. చీటీ చదివి, బల్ల పట్టుకుని నిలబడింది.

"సిస్టరు వేసుకున్నదానిలాంటిదా? ఇదెందుకండీ దీనికి?"

"ఎందుకేమిటే, ఎవరైనా వేసుకోవడానికే కదా కుట్టించుకుంటారు."

"అడగండి."

"చీటీనెలా అడుగుతానే?"

"చీటీని కాదు, పిల్లని."

టైలరు కింద పడ్డ టేపు తీసి మెడలో వేసుకున్నాడు. నియమం ఒక సాకు మాత్రమే. అడిగితే, అవును, సిస్టరైపోతానంటుందేమోనని ఆయన భయం.

వాళ్ల భయానికి సాక్ష్యం ఆ సాయంత్రం బస్సెక్కి వచ్చింది. టైలరు చెల్లెలు బస్సు కండక్టరు, తిరిగేది ఆ కాలేజీ రూటులోనే. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆఖరి స్టాపులో పావుగంట విరామం. సంచీ భుజానే వేలాడుతుండగా లోపలికి వచ్చి, "జరగండి, జరగండి" అని అలవాటు కొద్దీ అనేసి కూర్చుంది.

"అన్నయ్యా, నీ కూతురు రోజూ స్కూలయ్యాక ఎక్కడికెళ్తోందో తెలుసా?"

"ఆ కాలేజీకేగా. ఏదో లైబ్రరీ చూస్తుందనుకున్నాం."

"లైబ్రరీయా? మంచినీళ్లకని లోపలికెళ్లి, ప్రార్థనాలయం కిటికీలోంచి చూశాను. మోకాళ్ల మీద కూర్చుంది. ఎదురుగా గొలుసుకి వేలాడే పెద్ద దీపం లేదూ, దాని వంకే చూపు. రెప్ప వేస్తే ఒట్టు. చేతిలో జపమాల. ఒక్కొక్క పూసా జరుపుతోంది. పెదాలు కదులుతున్నాయి. లయగా తలూపుతోంది. నేను కిటికీ తట్టాను వదినా, వినిపించుకోలేదు. నేను తడితే డ్రైవరు బస్సే ఆపుతాడు, ఇది మాత్రం చలించలేదు."

తల్లి చీటీ తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. కండక్టరు దాన్ని టికెట్టులా వెలుతురుకి పట్టి చూసి, "చెల్లుతుంది" అంది నీరసంగా.

పిల్ల ఇంటికొచ్చాక తల్లి పక్కన కూర్చుంది. క్లినిక్కులో పన్ను పీకే ముందు వాడే గొంతుతో మొదలుపెట్టింది.

"అక్కడ నీకు బాగుందా తల్లీ?"

"బాగుంది. ఎంత నిశ్శబ్దమో."

"అంతసేపు ఏం చేస్తున్నావమ్మా అక్కడ?"

"కొలుస్తున్నాను" అంది కూతురు.

టైలరు కూతురికి కొలవడమంటే టేపు. తల్లికి ఆ క్షణాన తోచింది మాత్రం భక్తి. ఆవిడ కొంచెం దగ్గరికి జరిగింది.

"నీకేమైనా... కనిపిస్తోందా?"

"కనిపించదమ్మా. లాగుతుంది. అందరినీ లాగుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు, అంతే. శుక్రవారం అన్నీ చెప్తాను. ఇంకా సరిగ్గా తేలలేదు." ఇంత పొడుగు సంభాషణకి అలిసిపోయినట్టు లేచి, సీసాలోవి పుట్టాయేమో చూడటానికి వరండాలోకి వెళ్లింది.

ఆ రాత్రి భోజనాలు కాగానే టైలరు, పిల్ల నింపి ఉంచిన అప్లికేషను తీసుకుని కొట్టులోకి వెళ్లాడు. సంతకం చేస్తే కాలేజీలో సీటు రావడం, సీటుతో పాటు గౌను రావడం, గౌనుతో పిల్ల వెళ్లిపోవడం ఆయనకి ఒకే దారానికి వేసిన మూడు కుట్లలా కనిపించాయి. కాగితం చింపడానికి మనసొప్పలేదు. కాలర్లు బిరుసుగా నిలబడటానికి లోపల పెట్టే బక్రం ముక్కల డబ్బా ఒకటుంది. అందులో, ముక్కల మధ్య దాచేశాడు. "శుక్రవారం నాలుగు దాటితే ఆ తర్వాత దొరికినా పర్లేదు" అనుకున్నాడు. తండ్రి ప్రేమ కూడా కొన్నిసార్లు లోపలి గుడ్డలాంటిదే, పైకి కనిపించదు కానీ మెడ దగ్గర బిగుస్తుంది.

గురువారం నాటికి కబురు కండక్టరు చేతిలో లేదు. ఆవిడ డ్రైవరుతో ఒక్కమాట, ఒక్కటే మాట, గుండె బరువు దించుకోవడానికని చెప్పింది. బస్సులో ఒకరికి చెప్పిన మాటకి స్టాపు స్టాపుకీ మనుషులు ఎక్కుతారు. మూడో స్టాపులో "టైలరు కూతురు సిస్టరవుతుందట." తొమ్మిదో స్టాపుకి అయిపోయింది. ఆఖరి స్టాపు చేరేసరికి పిల్ల సముద్రం దాటి, పేరు తెలియని దేశంలో ఒక ఆసుపత్రి నడుపుతోంది.

మధ్యాహ్నం కొట్టుకి మోకాలినొప్పి తాతగారు ఒకాయన వచ్చాడు.

"కుట్టించడానికి కాదు నాయనా. మీ అమ్మాయికి పైవాళ్లతో మాటలున్నాయటగా. నా కుడి మోకాలి సంగతి ఒకసారి చెప్పిస్తావేమోనని."

"అది మాతోనే మాట్లాడదండీ" అన్నాడు టైలరు.

"అందుకే నమ్మకం" అన్నాడు తాతగారు.

నియమం నియమమే. చీటీ వంతు వచ్చింది. ఆ మధ్యాహ్నం టైలరు తెల్ల గుడ్డ పరిచాడు. అంతకంటే మంచి గుడ్డ కొట్టులో లేదు. సుద్దతో గీతలు గీశాడు. కూతురి కొలతలు చూడనక్కర్లేదు, ఎనిమిదో ఏటి నుంచి పుస్తకంలో వరసగా ఉన్నాయి. ఏడాదికి ఎన్ని అంగుళాలు ఎదిగిందో ఆయన వేళ్లకి తెలుసు. కాజాలు మిషను మీద వేయలేదు, ఆ సిస్టరు గౌనుకున్నట్టే చేత్తో వేశాడు. ఒక్కొక్క కాజాకీ ఒకసారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రేపు పిల్ల వెళ్లిపోతే చువ్వకి గుచ్చే చీటీలన్నీ బయటివాళ్లవే. కాలరు దగ్గరికి వచ్చేసరికి అద్దాలు తుడిచినా లాభం లేకపోయింది. డబ్బాలో చెయ్యి పెట్టి, దళసరిగా తగిలిన ముక్క తీసి, అచ్చు పెట్టి కత్తిరించి, రెండు గుడ్డల మధ్య వేసి కుట్టేశాడు.

శుక్రవారం పొద్దున పిల్ల ఇల్లంతా వెతికింది. బీరువా కింద, మంచం కింద, సీసా కింద. చివరికి చువ్వ మీద చీటీ వచ్చింది. "అప్లికేషను ఏది?" పిల్ల చీటీ మీద ప్రశ్నార్థకం అదే మొదటిసారి. టైలరు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒంటిపూట స్కూలు వదిలాక ఆమె కొట్టుకొచ్చి, తెల్ల గౌను మడత పెట్టుకుని, తండ్రి మొహంలోకి ఒక నిమిషం చూసి వెళ్లిపోయింది. నోటితో అడిగి ఉంటే ఆయన చెప్పేసేవాడేమో. మాటలు రాని ఇంట్లో మౌనం కూడా అర్థం కాదు.

"నేను వెళ్తున్నానే" అన్నాడు టైలరు ఉన్నట్టుండి. "ఆవిడనే అడుగుతాను. దీన్ని అడగలేను, ఆవిడనైతే అడగ్గలను."

"నేనూ వస్తున్నా" అంది భార్య, క్లినిక్కు ఏప్రను విప్పకుండానే.

ఇద్దరూ చెల్లెలి బస్సే ఎక్కారు. వాళ్ల మొహాలు చూసి బస్సు బస్సంతా సంగతి గ్రహించింది. ఆఖరి స్టాపులో దిగాల్సినవాళ్లు దిగారు, ముందే దిగాల్సినవాళ్లూ అక్కడే దిగారు. మోకాలి తాతగారు అందరికంటే ముందు దిగాడు. నలభై మంది గేటు దాటి తోటలోకి నడిచారు. "తోసుకోకండి, ముందుకి జరగండి" అంటూ వెనకనుంచి కండక్టరు.

టైలరు ప్రార్థనాలయం తలుపు తోశాడు.

పిల్ల అక్కడే ఉంది. తెల్లటి గౌనులో, మోకాళ్ల మీద, చేతిలో జపమాలతో. గొలుసుకి వేలాడే దీపం ఆమె కంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. అది మెల్లగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఊగుతోంది. కిటికీలోంచి చూసినప్పుడు కండక్టరు గమనించని ముక్క ఇదొక్కటే.

"తల్లీ, మాకు ఒక్కదానివేనమ్మా" అన్నాడు టైలరు. పదకొండేళ్లుగా మోటారు పెంచిన గొంతు ఆ ఎత్తైన కప్పుకి తగిలి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది. తలుపులోంచి వచ్చిన గాలికి దీపం గతి తప్పి వంకరగా తిరిగింది.

"నలభై ఏడు" అంది పిల్ల, ఏడుపు గొంతుతో. "నాన్నా, ఇంకో మూడే ఉన్నాయి."

బెంచీ వెనకనుంచి ఒక చెయ్యి లేచింది, చేతిలో స్టాప్‌వాచీ. ఆ తర్వాత ప్రిన్సిపాల్ సిస్టరు మొత్తంగా లేచారు. గౌను మీద ఆవిడ కూడా పొడుగు చేతుల తెల్లకోటు వేసుకుని ఉన్నారు, మోకాళ్ల కిందిదాకా, ముందు బొత్తాలతో. నేల మీద పడుకుని ఎదుటి స్తంభం మీది సుద్దగీత చూస్తున్నారు కాబోలు, ఆ కోటుకి ఒక పక్కంతా దుమ్ము.

టైలరు ఆ కోటు చూశాడు. కూతురు వేసుకున్నది చూశాడు. మళ్లీ ఆ కోటు చూశాడు.

"సిస్టర్ గారూ, అదేంటండీ?"

"ల్యాబు కోటండీ. మొన్న మీ అమ్మాయికి ల్యాబు చూపించినప్పుడు ఇదే వేసుకున్నాను. శుక్రవారానికి ఒకటి తెచ్చుకోమని మీతో కూడా చెప్పానే" అన్నారు సిస్టరు. ముందు వరసలో ఇద్దరికి మాత్రమే వినిపించింది.

"ఏమంటారు, ఏమంటారు?" అన్నారు వెనకనున్న ముప్పై ఎనిమిది మంది.

సిస్టరు మళ్లీ చెప్పబోయారు. లాభం లేదు. అప్పుడు పిల్ల లేచి నిలబడింది. ఎర్రబడ్డ మొహంతో, ముందు నేలకేసి, తర్వాత దీపానికేసి చూస్తూ మొదలుపెట్టింది.

"భూమి మనల్ని ఎంత గట్టిగా లాగుతోందో కొలుస్తున్నాను. దానికి ఎంత పొడుగు గొలుసుంటే అంత మంచిది. ల్యాబు కప్పు తక్కువ ఎత్తు. ఊళ్లో ఇంత పొడుగు గొలుసు ఇక్కడొక్కటే ఉంది. దీపం యాభైసార్లు ఊగడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. మధ్యలో లెక్క తప్పిపోతున్నానని సిస్టరు తన జపమాల ఇచ్చారు. దీంట్లో పదేసి పూసల వరసలు ఐదుంటాయి. నిలబడితే దీపం కిందికైపోతుంది, కూర్చుంటే బెంచీ అడ్డం. మోకాళ్ల మీదైతే కంటికి సరిగ్గా వస్తుంది."

ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్ల నోట వరసగా అన్ని మాటలు వినలేదు. తల్లి అలవాటుగా కూతురి పళ్లు చూసి, తర్వాత మాటలు వింది.

"మరి నా మోకాలు?" అన్నాడు తాతగారు.

"దానికి కారణం కూడా ఇదేనండీ" అంది పిల్ల మర్యాదగా. "లాగుతోంది కదా."

తాతగారు తృప్తిగా తలూపాడు. ఇన్నాళ్లకి ఒకరు కారణం చెప్పారు.

సిస్టరు గోడ గడియారం చూసి, నాలుగు వేళ్లు చూపించి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు. ఇంకో నాలుగు నిమిషాలు అందరూ కదలకుండా, మాట్లాడకుండా ఉంటే కొలత పూర్తవుతుందని అర్థం. తలుపు మూశారు. దీపం మళ్లీ వదిలారు. నలభై మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బెంచీల్లో చోటు చాలనివాళ్లు మోకాళ్ల మీద కూర్చున్నారు. టైలరు రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. కండక్టరు తలలు లెక్కపెట్టే చూపుడువేలితో దీపాన్ని లెక్కపెట్టింది.

"యాభై" అంది పిల్ల.

"యాభై" అంది అత్త, సరిగ్గా అదే క్షణంలో.

నాలుగు నిమిషాల పది సెకన్లు. పిల్ల కాగితం మీద ఏదో గుణించి, భాగించి సిస్టరుకి చూపించింది. సిస్టరు నవ్వారు. "పుస్తకంలో ఉన్నదానికి వెంట్రుకవాసి తేడా" అన్నారు. ఈసారి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినిపించింది. "ఈ పిల్లకి ఇక్కడ సీటు ఉంది. అప్లికేషను ఇచ్చేయండి. పది నిమిషాలుంది."

టైలరు మొహం వెలవెలబోయింది. జరిగిందంతా అక్కడే, అందరి ముందూ ఒప్పుకున్నాడు. చీటీ, గౌను, భయం, బక్రం డబ్బా. "కొట్టులో ఉందండీ. బస్సు మీద వెళ్లి రావాలంటే నలభై నిమిషాలు. నా చేతులతో నేనే..." అని ఆగిపోయాడు. కూతురు ఆయన వంక చూస్తూ మెడ ఒక పక్కకి వంచింది. మెడ దగ్గర ఏదో కరకరమంది. ఇంకో పక్కకి వంచింది. మళ్లీ కరకర.

"నాన్నా, కాలరు" అంది.

"అవునమ్మా, కాలేజీయే. పోగొట్టింది నేనే."

"కాలేజీ కాదు నాన్నా. కాలరు."

టైలరు జేబులోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీశాడు. ఏనాడూ తన కుట్టు తనే విప్పని మనిషి ఒక్కొక్క కుట్టూ విప్పాడు. రెండు గుడ్డల మధ్యనుంచి అప్లికేషను బయటపడింది, చక్కటి కాలరు ఆకారంలో, రెండు కొనలూ వాడిగా. పిల్ల పేరులో సగం పోయింది. చిరునామా అసలు లేదు. చదవదలచుకున్నది "ఫిజి" దగ్గర తెగింది. కింద "తండ్రి సంతకం" అన్న గీత మాత్రం కంఠం దగ్గర చెక్కు చెదరకుండా ఉంది. సిస్టరు కలం ఇచ్చారు. టైలరు బెంచీ మీద పెట్టి సంతకం చేశాడు. మూడూ యాభై ఎనిమిది.

"మిగతాది నాకు తెలుసు" అని సిస్టరు దాన్ని అందుకున్నారు. తర్వాత పిల్ల కోటు అంచులు తిప్పి చూశారు, కాజాలని వేలితో తడిమారు. "ఇంత బాగా ఎవరు కుడతారండీ ఈ రోజుల్లో? మా పిల్లలకి ముప్పై కోట్లు కావాలి. కాగితం పెట్టకుండా."

"ముప్పై కోట్లే" అని తలుపు దగ్గరున్నవాళ్లు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ సాయంత్రం బస్సు అవతలి కొసకి చేరేసరికి, టైలరు కూతురు సముద్రం అవతల ఆసుపత్రి మూసేసి తిరిగొచ్చేసింది, టైలరుకి ముప్పై కోట్లు వచ్చిపడ్డాయి.

మర్నాడు పొద్దున చువ్వ మీద ఒక చీటీ ఉంది. ఈసారి అది తండ్రిది, వంకర అక్షరాలతో. "రోజుకి పది నిమిషాలు మోటారు ఆపుతాను. కాలేజీలో ఏం జరిగిందో నోటితో చెప్పాలి." పిల్ల దాని కింద ఒక్క మాట రాసింది. కొట్టు అలవాటున "కుడతాను" అని రాసి, కొట్టేసి, "చెప్తాను" అని దిద్దింది.

ఆ ఏడాది కాలేజీ ఫైల్లో అప్లికేషన్లన్నీ నలుచదరంగానే ఉన్నాయి, ఒక్కటి మాత్రం మెడ పద్నాలుగు అంగుళాలు.